పొదుగుడు పని ఉన్న పాత చెక్క టీ పెట్టెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైన పూలు, తీగలు, శంఖాలు పొదిగి ఉండే పాత ఇంగ్లీషు టీ పెట్టెల గురించి, వాటితోపాటు మన విశాఖపట్నంలో తయారై ఓడెక్కి వెళ్లిపోయిన దంతపు పెట్టెల గురించి జనం అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎవరో ఒకరు ఫోటో పంపి "ఇది ఎంత పాతది, ఎంత పలుకుతుంది" అని అడుగుతూనే ఉంటారు, ఆ ఫోటో చూస్తే ఎప్పుడూ మూత మూసి పైనుంచి తీసిందే. దయచేసి మూత తీసి, లోపలా అడుగునా కూడా ఫోటోలు తీయండి. ఈ పెట్టెల విషయంలో పైన ఉన్న అందం ఎవరైనా ఎప్పుడైనా అతికించగలరు, లోపలి అరలు మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పవు.

టీ పెట్టె అంటే అంచులకి రేకు కొట్టిన ప్లైవుడ్ డబ్బా, అదేనా?

కాదు. అది సరుకు రవాణా పెట్టె. అస్సాం, డార్జిలింగ్ తోటల టీ అందులో నింపి ఓడల మీద పంపేవాళ్లు, ఇప్పుడు ఆ పని కాగితం సంచులు చేస్తున్నాయి. 1773 డిసెంబర్ 16న బోస్టన్ రేవులో నీళ్లలోకి విసిరేసిన 342 పెట్టెలు కూడా రవాణావే, కాకపోతే అప్పటికి ప్లైవుడ్ లేదు కాబట్టి మామూలు చెక్కవి. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఇంట్లో బల్ల మీద, అతిథుల ఎదురుగా పెట్టుకునే చిన్న పెట్టె. రెండు చేతుల్లో పట్టేంత ఉంటుంది, తాళం ఉంటుంది, లోపల ఒకటో రెండో మూడో అరలు ఉంటాయి.

టీ పొడికి తాళమెందుకు?

ఖరీదు వల్ల. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కి టీ అంతా చైనా నుంచే వచ్చేది, దాని మీద సుంకం ఎంత దారుణంగా ఉండేదంటే 1784లో కొత్త చట్టం తెచ్చి తగ్గించేనాటికి అది 119 శాతం, తగ్గించాక 12.5 శాతం. అంత సుంకం ఉన్న రోజుల్లో దొంగ రవాణా జోరుగా సాగింది, ఇళ్లలో పనివాళ్లు వాడేసిన టీ ఆకును ఎండబెట్టి బయట అమ్ముకోవడం కూడా ఉండేది. అందుకే టీ వంటగదిలో ఉండేది కాదు. పెట్టె హాల్లో, తాళంచెవి ఇంటావిడ దగ్గర. మన నాయనమ్మలు బీరువా తాళాలు బొడ్లో దోపుకుని తిరిగినట్టే అనుకోండి. ఆవిడే పెట్టె తెరిచి, ఆవిడే చెంచాతో కొలిచి, అతిథుల ముందే కలిపేది. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి కాబట్టి పెట్టె కూడా అందంగా ఉండాల్సి వచ్చింది, పైన అంత నగిషీ ఉండడానికి కారణం అదే.

1784 తర్వాత టీ చవకయ్యింది, తాగేవాళ్లు పెరిగారు, దాంతో పెట్టెలకి గిరాకీ కూడా పెరిగింది. ఇప్పుడు మార్కెట్లో కనిపించే మంచి పొదుగుడు పెట్టెల్లో చాలా భాగం ఆ తర్వాతి ముప్ఫై నలభై ఏళ్లవే. 1839లో అస్సాం టీ మొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది. ఆ శతాబ్దం గడిచేకొద్దీ టీ మామూలు సరుకైపోయింది, తాళం కేవలం అలంకారంగా మిగిలింది.

లోపల రెండు అరలు, మధ్యలో గాజు గిన్నె ఉంది. ఎందుకు?

రెండు అరలు రెండు రకాల టీకి, ఒకదాంట్లో నల్ల టీ, ఇంకోదాంట్లో గ్రీన్ టీ. అవును, గ్రీన్ టీ మన ఆఫీసులవాళ్లు కనిపెట్టింది కాదు, అప్పటి ఇంగ్లీషువాళ్లు బాగా తాగేవాళ్లు. గాజు గిన్నె దేనికన్న విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి, రెండు టీలూ కలపడానికని కొందరు, పంచదారకని కొందరు. ఒకే అర ఉన్న చిన్న పెట్టెలూ మామూలే.

పొదుగుడు పని ఎలా చేసేవాళ్లు? చెక్కలో గాడి తీసి నింపడమేనా?

సన్న గీతలకి, అంచులకి అదే పద్ధతి. కానీ పెద్ద పూలు, శంఖాల విషయం వేరు. పెట్టె అసలు శరీరం పైన్ లాంటి చవక చెక్కతోనో మామూలు మహాగనీతోనో చేస్తారు, దాని మీద మంచి చెక్కను పల్చటి పొరగా కోసి అతికిస్తారు. ఆ పొరలోనే బొమ్మ ఆకారంలో ఖాళీ కోసి, అందులో ఇంకో రంగు చెక్క ముక్కని కూర్చుతారు. పసుపు ఛాయకి సాటిన్‌వుడ్, తెల్లటి గీతకి బాక్స్‌వుడ్, నల్లదానికి ఎబొనీ లేదా నల్లరంగు వేసిన చెక్క, ఆకుపచ్చ కావాలంటే రంగు పట్టించిన చెక్క.

నాకు వీటన్నిట్లోకీ ఇష్టమైనది నీడ. శంఖం బొమ్మ ఉన్న పెట్టెని దగ్గరగా పట్టుకుని చూడండి, శంఖం ఒక అంచు గోధుమ రంగులో కాలినట్టుగా ఉండి, క్రమంగా లేత పసుపులోకి కలిసిపోతుంది, దాంతో బల్లపరుపు చెక్క ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అది రంగు కాదు. మూకుడులో ఇసుక వేడి చేసి, చెక్క ముక్క అంచుని ఆ ఇసుకలో కొన్ని క్షణాలు గుచ్చి తీసేవాళ్లు. లోపలికి దిగిన అంచు ఎక్కువ మాడుతుంది, పైభాగం తక్కువ. ఒక్క క్షణం ఎక్కువైతే బొగ్గే. ఒక శంఖంలో ఇలాంటి ముక్కలు పది పైనే ఉంటాయి, ఒక్కోదాన్ని విడిగా మాడ్చి, తర్వాత కూర్చాలి.

ఇంకో మాట, ఇలాంటి శంఖాలు, పూలు అండాకారపు బిళ్లలుగా రెడీమేడ్‌గా తయారుచేసి అమ్మే పనివాళ్లు లండన్‌లో ఉండేవాళ్లు. పెట్టె చేసే వడ్రంగి వాటిని కొని తన పెట్టెలో దింపుకునేవాడు. కాబట్టి రెండు పెట్టెల మీద ఒకే శంఖం ఉంటే అవి ఒకే చేతి పని అని తీర్మానించేయకండి.

విశాఖపట్నంలో కూడా టీ పెట్టెలు చేశారంటారు, నిజమేనా?

నిజమే, మనవాళ్లకే ఈ సంగతి తక్కువ తెలుసు. లండన్, న్యూయార్క్ వేలం సంస్థల కేటలాగుల్లో "వైజాగపటం" అన్న పేరు చూస్తే అక్కడివాళ్లకి వెంటనే అర్థమవుతుంది, అది దంతపు పనికి ఒక బ్రాండ్ లాంటిది. 1756లో ఆ ఊరు వచ్చిన కార్నెయ్ అనే బ్రిటిష్ సైనికాధికారి అక్కడి కలంకారీ గుడ్డలతోపాటు పొదుగుడు పనిని కూడా మెచ్చుకుంటూ రాసుకున్నాడు, అంటే అప్పటికే పేరుంది.

ఎందుకు అక్కడే అంటే, రేవు ఉంది, ఈస్టిండియా కంపెనీ స్థావరం ఉంది, కుర్చీలూ బల్లలూ పెట్టెలూ కావాలనే దొరలు ఉన్నారు, సముద్రం దాటితే పెగూ, అంటే బర్మా, అక్కడి నుంచి టేకూ దంతమూ వచ్చేవి. చెయ్యి తిరిగిన కంసాలి కుటుంబాలు ఉన్నాయి. దొర ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న పెట్టెనో, అచ్చు బొమ్మనో ముందు పెడితే ఆ ఆకారంలో చేసి, పైన మన పూలతీగలు చెక్కి ఇచ్చేవాళ్లు. మొదట్లో రోజ్‌వుడ్, ఎబొనీ లాంటి నల్ల చెక్కలో దంతాన్ని పొదిగేవాళ్లు. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి పద్ధతి మారింది, చందనపు చెక్క మీద దంతపు పల్చటి పలకలు పూర్తిగా కప్పేసి, వాటి మీద సూదిమొన లాంటి పనిముట్టుతో బొమ్మ గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. ఇంగ్లీషు బంగళా ఆకారంలో, కప్పు ఎత్తితే తెరుచుకునే పెట్టెలు కూడా ఉన్నాయి, కిటికీలూ ఇటుకలూ అన్నీ గీసి మరీ.

చేసినవాళ్ల పేర్లు పెట్టెల మీద సాధారణంగా ఉండవు. విశాఖలో పుట్టిన మంచి ముక్కలు చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లాల్సిన పరిస్థితి. ఆ పెట్టెలు చేసినవాళ్లలో టీ తాగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే నాకు అనుమానమే, మన ఊళ్లలో ఇంటింటా టీ కాచుకోవడం 20వ శతాబ్దపు సంగతి.

విశాఖ పెట్టెకీ బొంబాయి పెట్టెకీ తేడా ఎలా?

బొంబాయి, సూరత్ పనిని సదేలీ అంటారు. దంతం, ఎబొనీ, తగరం లాంటి వాటిని సన్న కడ్డీలుగా చేసి, కట్టగా అతికించి, ఆ కట్టను అడ్డంగా పల్చగా కోస్తే ఒక్కో బిళ్ల మీదా అదే నక్షత్రం వస్తుంది. చిన్న చిన్న చుక్కలతో గణితం లెక్కలా ఉంటే అది బొంబాయి. దంతం మీద నల్లగీతల పూలతీగ పారితే విశాఖ. 19వ శతాబ్దంలో విశాఖలోనే గేదె కొమ్ము, ముళ్లపంది ముళ్లు, తాబేటి చిప్ప వాడిన పెట్టెలూ వచ్చాయి, కొన్నిటి మీద దేవుళ్ల బొమ్మలుంటాయి. ఇంగ్లండ్‌లో టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ఊళ్లో కూడా ఈ కడ్డీల పద్ధతే వాడారు, కానీ అక్కడ అంతా చెక్కే, దంతం జోలికి పోలేదు.

దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా?

భూతద్దం కావాలి. ఎముకలో రక్తనాళాలు పోయిన సన్న రంధ్రాలు నల్ల చుక్కలుగా, చిన్న గీతలుగా కనిపిస్తాయి. దంతంలో అవి ఉండవు. దాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు, నిలువుగా కోసినచోట సన్నటి సమాంతర చారలు కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో చారలుంటే మరీ క్రమంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. కాల్చిన సూది గుచ్చి చూడమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకండి, వస్తువు పాడవుతుంది.

మా తాతగారి కాలం నాటి దంతపు పెట్టె ఇంట్లో ఉంది. అమ్మొచ్చా?

అమ్మకూడదు. ఎంత పాతదైనా సరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన దేశపు ఏనుగు దంతం వ్యాపారం ఆగింది, 1991లో ఆఫ్రికా దంతానికి కూడా అదే వర్తించింది. "వందేళ్లు దాటితే పర్లేదు" అనేది విదేశీ చట్టాల్లోని మాట, మన దగ్గర చెల్లదు. ఇంట్లో ఉంచుకోవడానికి కూడా చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ ఉన్న వస్తువు వారసత్వంగా వచ్చినా 90 రోజుల్లో తెలియజేయాలి. కాగితాలేమీ లేకపోతే ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి రేటు అడిగే ముందు ఒక లాయర్ని కలవండి, అనవసరమైన టెన్షన్ తప్పుతుంది.

దంతం లేని చెక్క పెట్టె అయితే దేశంలో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ వందేళ్లు దాటిన కళావస్తువును 1972 పురావస్తు చట్టం ప్రకారం మామూలు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి సారెలో పెట్టి పంపుదామనుకుంటే ముందు ఇది చూసుకోండి.

నేను లండన్‌లో ఉంటాను. అక్కడ కొనొచ్చా? ఇండియాకి తెచ్చుకోవచ్చా?

చెక్కతో చేసిన ఇంగ్లీషు పెట్టె నిక్షేపంగా కొనుక్కోండి. తాళం రంధ్రం చుట్టూ చిన్న దంతపు బిళ్ల ఉంటే మాత్రం అక్కడి ఐవరీ చట్టం కిందికి వస్తుంది. 2018లో చేసిన ఆ చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. 1947కి ముందు చేసినదై, దంతం మొత్తం పరిమాణంలో 10 శాతం లోపు ఉంటే రిజిస్టర్ చేసి అమ్ముకోవచ్చు, కాబట్టి అమ్మేవాణ్ణి రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. తాళం బిళ్ల తేలిగ్గా ఆ లెక్కలో పడుతుంది, నిండా దంతం కప్పిన విశాఖ పెట్టె పడుతుందో లేదో పెట్టెపెట్టెకీ మారుతుంది. అమెరికాలో కేంద్ర నిబంధనలకి తోడు న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాలకి సొంత చట్టాలున్నాయి.

దంతపు పెట్టెని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి హైదరాబాద్ తెచ్చేయడం గురించి అడిగేవాళ్లకి ఒక్కటే జవాబు, వద్దు. సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం దీని మీద ఉంది, దొరికితే పెట్టె పోతుంది, కేసు మిగులుతుంది. తాబేటి చిప్ప కూడా ఇంతే.

నిజంగా పాతదో కాదో ఎలా తెలుస్తుంది?

పైనుంచి కాకుండా అడుగు నుంచి మొదలుపెట్టండి. తిరగేయండి. రెండు వందల ఏళ్లు బల్లల మీద జరిపిన పెట్టె అడుగున అరుగుదల ఉంటుంది, అది కూడా అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ. అడుగంతా ఒకే ముదురు రంగులో ఉంటే ఎవరో రంగు పూశారు.

తర్వాత కీళ్లు, మరలు. సుమారు 1850కి ముందు మరలకి కొన మొండిగా ఉండేది, తలమీద గాడి చేత్తో కోసింది కాబట్టి సరిగ్గా మధ్యలో ఉండదు. ఒక్క మర విప్పి చూస్తే చాలు. అయితే కీలు ఎప్పుడో మార్చి ఉండొచ్చు, కాబట్టి కొత్త మర కనపడగానే పెట్టె మొత్తం నకిలీ అనేయకండి, కీలు కింద పాత మర రంధ్రాలున్నాయేమో చూడండి.

పై పొర మందం కూడా చెప్తుంది. చేత్తో కోసిన పాత పొర ఒక మిల్లీమీటరు దాటి మందంగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది. మరమీద కోసిన కొత్త పొర కాగితంలా ఉంటుంది. ఎక్కడైనా అంచు లేచిన చోట ఇది కనిపిస్తుంది. వేలితో నెమ్మదిగా పైన తడమండి, పాత పెట్టెలో చెక్క వందల వర్షాకాలాలు పీల్చి వదిలింది కాబట్టి పొదిగిన ముక్కల అంచులు వేలికి తెలుస్తాయి. అద్దంలా నున్నగా ఉంటే ఈమధ్య గట్టిగా రుద్ది పాలిష్ పట్టించినట్టే. ముందువైపు, వెనకవైపు రంగు పోల్చండి, వెలుతురు తగిలిన వైపు వెలిసిపోయి ఉండాలి.

ఆపిల్, పియర్ కాయ ఆకారంలో టీ పెట్టెలు చూశాను. అవి?

అసలైనవి ఉన్నాయి, 18వ శతాబ్దం చివరివి, పండ్ల చెట్ల చెక్కని లేత్ మీద తిప్పి చేసినవి, చాలా ఖరీదు. ఆ ఖరీదు వల్లే కొత్తవి చేసి పాతవని అమ్మడం ఎక్కువ. మొదటి పెట్టెగా వీటి జోలికి పోవద్దు.

లోపలి అరలు, చిన్న మూతలు లేవు. తీసుకోనా?

టీ మానేసిన తరాలవాళ్లు లోపలివన్నీ పీకేసి వెల్వెట్ గుడ్డ పరిచి నగల పెట్టెగా, కుట్టుపని పెట్టెగా వాడుకున్నారు. వాడుకోవడానికే అయితే తీసుకోండి, కానీ ధర సగానికి సగం తగ్గించి అడగండి. లోపలి గోడల మీద చూస్తే అడ్డుచెక్క దిగిన గాడులు కనిపిస్తాయి. ఒకే అర ఉన్న చిన్న పెట్టెల సంగతి వేరు, మిగతావాటిలో గాడులే లేకపోతే అది పుట్టుకతో టీ పెట్టె కాకపోవచ్చు, అమ్మేవాడు ఎన్ని కథలు చెప్పినా సరే.

ధర ఎంత ఉంటుంది?

పొదుగుడు తక్కువగా ఉన్న మామూలు మహాగనీ పెట్టె ఇంగ్లండ్ వేలంలో వంద, రెండు వందల పౌండ్లకి కూడా దొరుకుతుంది. పాత చెక్క సామానుకి ఇప్పుడు అక్కడ మోజు తగ్గింది, కొనేవాళ్లకి మంచి కాలం. నీడ వేసిన శంఖం, లోపలి మూతలు, అసలు తాళం అన్నీ ఉంటే రేటు పెరుగుతుంది. విశాఖ పెట్టెలు, పండ్ల ఆకారాలు వేల పౌండ్ల మాట.

అందులో ఇప్పుడు టీ పొడి పోసుకోవచ్చా?

వద్దు. అరల లోపల అతికించిన బూడిదరంగు రేకులో సీసం ఉంటుంది. ఘాటు పోకుండా అప్పట్లో అలా వేశారు. పీకేయనూ వద్దు, విలువ అక్కడే ఉంది. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, పిల్లలకి ఆటకి ఇవ్వకండి. టీ బ్యాగులు మూతపెట్టిన డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని పెట్టెలో పెట్టుకుంటామంటే మీ సరదా.

ఎలా శుభ్రం చేయాలి?

పొడి మెత్తటి గుడ్డ. ఏడాదికోసారి తేనెమైనం పాలిష్ కొంచెం. తడిగుడ్డ, కొబ్బరినూనె, స్ప్రే పాలిష్‌లు వద్దు. కొత్త వార్నిష్ అసలే వద్దు, పాత లక్క పూత మీద పేరుకున్న ఆ రంగు మళ్లీ తెప్పించలేరు. ఎండ తగిలే కిటికీ దగ్గర, ఏసీ గాలి నేరుగా కొట్టే చోట పెట్టకండి. పగలు ఉక్కపోత, రాత్రి ఏసీ అన్న మన ఇళ్ల పద్ధతికి చెక్క ఉబ్బీ కుంచించుకుపోయీ పై పొర లేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ.

పొదిగిన ముక్క ఒకటి ఊడొచ్చింది. ఫెవికాల్‌తో అతికించేయనా?

ఆగండి. ముందు ఆ ముక్కని కవర్లో వేసి, పెట్టెలోనే దాచండి. ఊడిన ముక్క చేతిలో ఉంటే రిపేరు సగం అయినట్టే. పాతవాళ్లు వాడింది పశువుల చర్మం ఉడికించి తీసే వజ్రం అనే బంక, అది వేడి, తేమ తగిలితే మెత్తబడుతుంది, అంటే రేపు ఎవరైనా విప్పి మళ్లీ అతికించుకోవచ్చు. ఫెవికాల్ వేస్తే ఆ అవకాశం పోతుంది, సూపర్ గ్లూ అయితే చెక్కనే మరక చేస్తుంది. హార్మోనియం, వీణ బాగుచేసే పాతతరం పనివాళ్లలో వజ్రం కాచేవాళ్లు ఇంకా ఉంటారు, దొరికితే వాళ్లకే ఇవ్వండి.

చిన్న చిన్న రంధ్రాలున్నాయి, కింద పొడి రాలుతోంది.

రంధ్రాలు మాత్రమే ఉంటే పాతవి, భయం లేదు. లేతరంగు పొడి తాజాగా రాలుతుంటే పురుగు లోపల బతికే ఉంది. మిగతా చెక్క సామాను నుంచి వెంటనే దూరంగా పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో కట్టేయండి, పెస్ట్ కంట్రోల్‌వాళ్లకి చూపించేటప్పుడు పై పూత మీద మందు చల్లొద్దని గట్టిగా చెప్పండి.

తాళంచెవి లేదు, మూత తెరుచుకోవడం లేదు.

స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. చాలామంది పెట్టెల ముందు అంచు విరిగింది ఇలాగే. పాత తాళాలు సాదావి, తెలిసిన తాళాలాయన వంచిన తీగతో తీసేస్తాడు. తెరుచుకున్నాక తాళం విప్పి ఇస్తే దానికి సరిపడా చెవి కూడా చేసిస్తాడు.

దంతం గొడవ లేకుండా, ఇలాంటి పని ఉన్న కొత్త పెట్టె ఎక్కడ దొరుకుతుంది?

మైసూరు. అక్కడి రోజ్‌వుడ్ పొదుగుడు పనికి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, ఒకప్పుడు అక్కడా దంతమే వాడేవాళ్లు, నిషేధం వచ్చాక రంగు రంగుల చెక్కలకి, ప్లాస్టిక్‌కి మారారు. కొనేటప్పుడు తెల్లటి భాగాలు చెక్కా, ప్లాస్టిక్కా అని అడగండి, అచ్చంగా చెక్కతో చేసినవే తీసుకోండి. టీ అరలు రెడీమేడ్‌గా ఉండకపోవచ్చు, కొలతలు రాసిస్తే చేసిచ్చే వర్క్‌షాప్‌లు ఉన్నాయి, అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం చేసే చెక్క ముక్క ఒకటి చూపించమనండి.